చిన్నారి అడుగునకు వంతెన

హైదరాబాదు పాతనగరమున మూసీనదిపై 22 కమానులతో నిలిచియున్న పురానాపూల్‌ను 1578లో గోలకొండ ప్రభువు ఇబ్రహీం కులీ కుతుబ్‌షా నిర్మింపజేసెను. దీనిని గురించి జనులు ఒక కథ చెప్పుకొందురు. రాకుమారుడు మహమ్మద్ కులీ ఆవలి ఒడ్డున నున్న భాగమతిని చూచుటకై పొంగుచున్న ఏటిలోనికి గుఱ్ఱమును దింపెనట. తండ్రి ఆ మాట విని కుమారుని కట్టడి చేయక, నదిపై వంతెన కట్టించెనట. వంతెన కట్టునాటికి రాకుమారునికి సుమారు 13 ఏండ్లే గనుక చరిత్రకారులు ఈ కథను విశ్వసింపరు. అయినను అందలి నీతి పిల్లల పెంపకమునకు చక్కగా వర్తించును. ముందునకు పోవలెనను కోరికను అణచుట కంటె, క్షేమముగా పోవుటకు దారి కల్పించుట మేలు.

ఏడాది నిండి మూడేండ్లు దాటని బిడ్డను గమనింపుడు. తల్లి ముద్ద పెట్టబోగా చేయి తోసివేయును. చొక్కా తొడుగబోగా "నేనే!" యని పెనుగులాడును. దీనిని మనము మొండితనమందుము. కాని ఇది ఎదుగుదలకు గుర్తు. ఈ వయస్సున తన పని తాను చేసికొనగలనన్న నమ్మకము బిడ్డకు కలుగవలెననియు, అడుగడుగున అదలించినచో సిగ్గు, సంశయము పాదుకొనుననియు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఎరిక్ ఎరిక్సన్ 1950లో వెలువరించిన గ్రంథమున వివరించెను.

ఇందుకు ధనము అక్కరలేదు. చిన్న గిన్నెలో కొంచెము అన్నము పెట్టి తననే తిననీయవలెను, ఒలికినచో కోపింపరాదు. రెండు చొక్కాలు చూపి ఒకటి ఎన్నుకొననీయవలెను. చెప్పులు తొడుగుకొనుచున్నపుడు కొంత ఓపిక పట్టవలెను. బూచివాడని బెదరించుట, కొట్టుట తగదు. ఆడపిల్లకును మగపిల్లవానికిని ఈ అవకాశము సమానముగా ఉండవలెను.

అయితే స్వేచ్ఛ యనగా విడిచిపెట్టుట కాదు. నీరు, నిప్పు, వీధి: ఈ మూడింటి యెడ బిడ్డ ఇష్టమునకు తావులేదు. నీటమునిగి మరణించు ప్రమాదము ఒకటి మొదలు నాలుగేండ్ల పిల్లలకు అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించుచున్నది. నీరు నిండిన బకెట్టు సైతము ప్రాణము తీయగలదు. బిడ్డ నీటి దాపున నున్నంతసేపు పెద్దవారు చేయి చాచినచో అందునంత దూరమున నుండవలెను.

ఇది తల్లుల పని మాత్రమే కాదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేర్చిన 11వ షెడ్యూలు పంచాయతీల పరిధికి తగినవని పేర్కొన్న 29 విషయములలో స్త్రీ శిశు అభివృద్ధి ఒకటి. సమగ్ర శిశు అభివృద్ధి పథకము 1975 అక్టోబరు 2న ప్రారంభమయ్యెను. దాని క్రిందనే అంగన్‌వాడీలు ఏర్పడెను. కావున సభ్యులు తమ వార్డులలో ఒకమారు నడచి చూడవలెను. సంపులకు మూతలున్నవా? బావికి పిట్టగోడ యున్నదా? విడిచిన బోరుబావిని పూడ్చిరా? అంగన్‌వాడీ మెట్టు చిన్న కాలికి అందునా? చేతులు కడుగుకొను కుళాయి చిన్న చేతికి అందునా? లోపములు కనిపించినచో వానిని గ్రామసభ ముందుంచి సరిచేయింపవలెను.

నదిపై వంతెనకు రాజు కావలసివచ్చెను. మన చిన్నారికి ఒక మూత, ఒక మెట్టు, పెద్దల ఓపిక చాలును. ఈ మాసముననే ఈ పని ఆరంభింతురని ఆశించుచున్నాము.