పిల్లల పేర్లు – పెద్దల బాధ్యత

క్రొత్త దేశమునకు పోయినవారి యిబ్బందులను గూర్చి మాటలాడునపుడు అందఱును తిండి, ఎండ, వాన, భాష అను పెద్ద సంగతులనే చెప్పుదురు. దినదినమును మనుష్యుని విసిగించునవి అవి కావు. తిండి నాలుగు నెలలలో అలవాటగును. భాష సంతలోనే సగము వచ్చును. ఏండ్ల తరబడి వెంటాడునది కచేరి కాగితముపై ఎవరో వ్రాసిన తన పేరు. మన పాఠశాలకు దాఖలాల కొఱకు వచ్చు తల్లిదండ్రులలో పెక్కుమంది చెప్పుకొను బాధ యిదియే గనుక, ఈ సంచికలో దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిని.

మనము ఎచ్చటికిని పోలేదు గదా, ఈ మాట మనకేల యని కొందఱికి తోచవచ్చును. నిజమే. మన తాతలు ఈ యేటి యొడ్డుననే పుట్టి యిక్కడనే గతించిరి. వారు కదలకున్నను వారి చుట్టునున్న దేశము కదలినది. 1860లో ఆంగ్లేయులు సిరొంచ కేంద్రముగా ఎగువ గోదావరి జిల్లాను ఏర్పఱచిరి. 1874లో ఆ జిల్లా రద్దయి, సిరొంచ చాందా జిల్లాలో ఒక తాలూకాగా చేరినది. 1956 అక్టోబరు నెలాఖరు వఱకు మనమును, ఇంద్రావతికి ఆవలనున్న భోపాలపట్నము వారును ఒకే మధ్యప్రదేశములోని వారము. నవంబరు 1న మనము బొంబాయి రాష్ట్రములో చేరితిమి. 1960 మే 1 నుండి మహారాష్ట్రము. 1982 ఆగస్టు 26 నుండి గడచిరోలి జిల్లా. ఇంద్రావతి ఆవలి యొడ్డు 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ అయ్యెను. గోదావరికి ఆవలనున్న మన చుట్టములు హైదరాబాదు రాష్ట్రము నుండి 1956లో ఆంధ్రప్రదేశములోనికి, 2014 జూన్ 2న తెలంగాణములోనికి వచ్చిరి. ఓడ యెక్కి సముద్రము దాటినవారికి ఒక్కమారు జరిగినది మనకు కూర్చున్నచోటనే ఇన్ని మారులు జరిగినది.

సముద్రము దాటినవారి సంగతి ముందు కొంచెము చూతము. బర్మాకు పోయిన మనవారు కోరంగి రేవున ఓడ లెక్కిరి. అక్కడివారు తెలుగువారి నందఱిని కోరంగీలనియే పిలిచిరి. జాతి పేరు పోయి రేవు పేరు మిగిలెను. 1860 నవంబరు 16న మద్రాసు నుండి ట్రూరో అను ఓడ కూలీలతో డర్బను చేరినది. ఆ దేశమున స్థిరపడిన తెలుగువారు నాయుడు అను మాటకు ఇంగ్లీషులో చివర రెండు ‘ఓ’ అక్షరములు వ్రాయుదురు. మనము ఒక ‘యు’ వ్రాయుదుము. మాట యొక్కటే, కాగితముపై రెండు వంశములు. నేడు హైదరాబాదు మీదుగా అమెరికాకు పోవు పిల్లలకు మఱియొక చిక్కు గలదు. పాస్‌పోర్టులో పేరంతయు ఒకే గడిలో నున్నచో, వారి వీసాలో అసలు పేరు ఉండవలసిన చోట ఎఫ్.ఎన్.యు. అని ముద్రింతురు. మొదటి పేరు తెలియదని దాని యర్థము. తల్లి నోరార పిలుచుకొన్న పేరుండగా తెలియదని వ్రాయించుకొని విమానమెక్కవలసి వచ్చును.

ఇక మన ప్రాంతము. మన వాడుకలో ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత. ఇంటిపేరును ఒక్క పొడి అక్షరముగా చెప్పి యూరకుందుము. మహారాష్ట్రములో ఆడ్‌నావ్, తన పేరు, తండ్రి పేరు అను మూడును విడివిడిగా, పూర్తిగా కావలెను. ఒక నమూనాలో ఆడ్‌నావ్ ముందుండును, మఱియొక దానిలో చివరనుండును. మనవాడు చెప్పిన పొడి అక్షరము గడిలో పడును, ఇంటిపేరు పోవును. లేదా తండ్రి పేరే ఆడ్‌నావ్ గడిలో చేరి, అన్నదమ్ముల పిల్లలు వేఱు వేఱు వంశములవారై కూర్చుందురు. చంద్రపురము, గడచిరోలి జిల్లాలలో ముత్తెంవార్, వడెట్టివార్, మునగంటివార్ మొదలగు ఇంటిపేర్లు మీరు వినియేయుందురు. అందలి ‘వార్’ మన ‘వారు’ అను గౌరవవాచకమే. పూర్వులు తాము ఫలానా వారమని చెప్పియుందురు. వ్రాయువాడు చెవికి సోకినట్లు వ్రాసికొనియుండును. నాకిది నష్టముగా తోచదు. తరతరములుగా ఒక్క తీరున వ్రాయబడినది గనుక ఆ కుటుంబములకు అది చక్కని ఇంటిపేరై నిలిచినది.

లిపి సంగతి నిదానముగా చూడవలెను. మన పేర్లను మరాఠీవారు పాడుచేయుచున్నారను కోపము చాలవఱకు దీని తెలియమి వలన కలుగుచున్నది. మరాఠీ నాగరి వ్రాతలో హ్రస్వములైన ఎకార ఒకారములకు వేఱు గుర్తులు వాడుకలో లేవు. కాబట్టి ఎల్లయ్య ఏల్లయ్యగాను, కొమురయ్య కోమురయ్యగాను మారక తప్పదు. పదాంతమందలి ఇకార ఉకారములను దీర్ఘముగా వ్రాయుట మరాఠీ నియమము. అందుచే మన రవి వారికి రవీ, మన రాజు వారికి రాజూ. పదము చివరనున్న అకారమును వారు పలుకరు. సీత యను పేరును మనము వ్రాసినట్లే నాగరిలో వ్రాసినచో సీత్ అని చదువుదురు. అందుకొఱకే సీతా యని దీర్ఘమిత్తురు. లత యను పేరునకు దీర్ఘమీయకున్నచో లత్ అని చదువబడి దురలవాటు అను అర్థము వచ్చును. దీర్ఘమిచ్చిన గుమాస్తా మన బిడ్డకు మేలే చేసెను. ఇవి తప్పులు కావు. ఆ భాషకు సహజమైన మర్యాదలు. ళకారమును, దంత్యమైన చకారపు పలుకును హిందీలో వినబడవు గాని మరాఠీలోను తెలుగులోను గలవను సంగతి కూడ పిల్లలకు చెప్పుచుందును. వారికి అది వేడుకగా నుండును.

అంకెలలో మాత్రము జాగ్రత్త వలయును. నాగరి ఒకటి తెలియని కంటికి తొమ్మిదివలె కనబడును. పుట్టిన తేదీని ఒక కాగితము నుండి మఱియొక దానికి ఎత్తివ్రాయునపుడు ఈ పొరపాటు జరుగుచున్నది.

ఇంగ్లీషు వ్రాతలో చిక్కు మఱొక విధము. తెలుగువారు తకారమునకు టి పక్కన హెచ్ చేర్చుదురు, ఏలయన ఒంటి టిని టకారమునకు ఉంచుకొన్నారు. మరాఠీవారు తకారమునకు ఒంటి టియే వ్రాయుదురు. గోదావరి దాటి కోడలుగా వచ్చిన సుజాతకు తెలంగాణపు పదవ తరగతి పత్రములో హెచ్ ఉండును, ఇక్కడి రేషన్ కార్డులో ఉండదు. అక్కడ పుట్టింటి పేరు, ఇక్కడ భర్త పేరును అత్తింటి ఆడ్‌నావును. మనుష్యుడు చూచి నవ్వుకొని వదలివేయును. కంప్యూటరుకు వారు ఇద్దఱు స్త్రీలు.

దీనివలన జరుగు నష్టము చిన్నది కాదు. ఒక బాలుని పేరు బడి రిజిస్టరులో ఒక విధముగాను, ఆధారులో ఒక విధముగాను, బ్యాంకు పుస్తకములో ఇంకొక విధముగాను ఉండెను. వానికి మంజూరైన విద్యార్థివేతనము ఖాతాలో పడలేదు. తండ్రి సేతు కేంద్రమునకు, తహసీలు కచేరికి, మరల బ్యాంకునకు తిరిగి ప్రతిజ్ఞాపత్రము వ్రాయించెను. ఆ తిరుగుటలో పోయిన కూలి వచ్చిన వేతనములో పెద్దభాగమే. పని జిల్లా కేంద్రము వఱకు పోయినచో, సిరొంచ నుండి గడచిరోలికే రెండువందల కిలోమీటర్లకు పైబడిన దారి. ఇంటిలో తెలుగు కాక మాడియా, గోండీ మాటలాడు పిల్లల పేర్లు తెలుగులోనికి ఒకమారు, మరాఠీలోనికి ఒకమారు మారుచున్నవి. వారి కష్టము రెండింతలు.

కుల దాఖలా దగ్గఱ ఇది మఱింత కఠినమగును. షెడ్యూల్డు కులముల, తెగల జాబితాలు రాజ్యాంగము 341, 342 అధికరణముల ప్రకారము రాష్ట్రమునకు వేఱుగా నుండును. ఆంధ్రప్రదేశమున పుట్టి బొంబాయి చేరిన ఒక విద్యార్థి వ్యాజ్యములో, ఒక రాష్ట్రపు జాబితా హక్కు వలసపోయిన మఱియొక రాష్ట్రములో చెల్లదని 1990లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అందుచే మహారాష్ట్రములో షెడ్యూల్డు కులమువారు 1950 ఆగస్టు 10 నాటికి, తెగలవారు అదే సంవత్సరము సెప్టెంబరు 6 నాటికి తమ పెద్దలు ఈ ప్రాంతమున నివసించిరని చూపవలెను. తాత పేరున్న పాత బడి రిజిస్టరు పుటయో, భూమి కాగితమో అప్పుడు బంగారమంత విలువ చేయును. అందు తాత ఇంటిపేరు, మనుమని ఆడ్‌నావు కలియకున్నచో ఆ బంగారము చేతనుండియు చెల్లదు.

చట్టము సంగతి రెండు మాటలు. 1969 నాటి జనన మరణ నమోదు చట్టము ప్రకారము బిడ్డ పేరును మొదటి పన్నెండు నెలలలో రుసుము లేక జనన రిజిస్టరులో చేర్పించుకొనవచ్చును. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి బడి ప్రవేశము, పాస్‌పోర్టు, ఓటరు జాబితా మొదలగు వాని కన్నిటికి జనన ధ్రువపత్రమే తేదీకి, స్థలమునకు ఆధారము. 2024 మే 1 నాటికి గాని, ఆ తరువాత గాని పుట్టిన బిడ్డలకు మహారాష్ట్రములో బిడ్డ పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, ఆడ్‌నావ్ అను వరుసను ప్రభుత్వము నిర్ణయించినది. ఇది మంచి నిర్ణయమని నా యభిప్రాయము. అయితే దీనితో తల్లి పేరు బిడ్డ పేరులోనే భాగమైనది. గోదావరి దాటి వచ్చిన ఆ సుజాత హెచ్ ఇకమీదట ఆమె యొక్కతె వ్యవహారము కాదు. ఆ బిడ్డలు బడికి వచ్చులోపలనే తల్లుల కాగితములు ఒక త్రోవకు తెచ్చుకొనుట మేలు.

కావున తల్లిదండ్రులకు నా విన్నపము. బిడ్డ పేరు మరాఠీవారి నోట తెలుగువలె పలుకవలెనని పోరాడవద్దు. అది నెఱవేరునది కాదు. తెలుగులో ఒక రూపు, నాగరిలో ఒక రూపు, ఇంగ్లీషులో ఒక రూపు ఇంటిలో కూర్చుండి నిర్ణయించుకొనుడు. తాత కాగితములలోని ఇంటిపేరును పూర్తిగా వ్రాయుడు, పొడి అక్షరము వద్దు. తల్లి పేరును, తండ్రి పేరును అట్లే మూడు లిపులలో వ్రాయుడు. తేదీని అంకెలతో పాటు అక్షరములలోను వ్రాయుడు. వ్రాయలేనివారికి మన యుపాధ్యాయులు వ్రాసిపెట్టుదురు. పిల్లవాడు బడిలో చదువుచున్నంతకాలము రిజిస్టరులోని తప్పును సవరించుట సులభము. బడి విడిచి దాఖలా తీసికొనిన తరువాత ఎంతో ప్రయాస. ప్రవేశము నాడు ఆ కాగితమును రిజిస్టరు ప్రక్కన నుంచి వ్రాయింతును, వ్రాసినదానిని మీ యెదుటనే పైకి చదివి వినిపింతును. అక్షరములు రాని తల్లియైనను తన బిడ్డ పేరులోని తప్పును చెవితో పట్టగలదు. ఇప్పటికే చదువుచున్న పిల్లల తల్లిదండ్రులు తొమ్మిదవ తరగతి ముగియకముందే ఒక శనివారము ఆధారు, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకము పట్టుకొని రండు. నాలుగింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూతము.