అనంతము – గణితశాస్త్ర సౌందర్యము

దాసోహ పంక్తిలో విస్తళ్లు వేయబడినవి. ఒక్కొక్క విస్తరి ముందు ఒక్కొక్కరు కూర్చుండిరి. ఏ విస్తరియు మిగులలేదు, ఎవ్వరును నిలిచియుండలేదు. విస్తళ్లును జనమును సమానమని ఎంచకయే చెప్పవచ్చును. ఈ సామాన్యమైన జతకూర్పే అనంతమును కొలుచు కొలబద్ద యైనది.

1, 2, 3 అను సంఖ్యలకు అంతము లేదు. ఎంతటి సంఖ్యకైనను మరియొకటి కలుపవచ్చును. బసవేశ్వరుడు వెలసిన పండ్రెండవ శతాబ్దముననే భాస్కరాచార్యుడు తన బీజగణితమున, శూన్యముచే భాగింపబడిన రాశికి ‘ఖహర’మని పేరిడెను. సృష్టిప్రళయములందు ప్రాణికోటి వెలువడినను లీనమైనను పరమాత్మ మార్పు చెందనట్లే, కూడికవలనగాని తీసివేతవలనగాని ఖహరము మారదని ఆయన ఉపమించెను. శూన్యముచే భాగించుటను నేటి సామాన్య గణితము అంగీకరింపదు. అయినను కలిపినను పెరుగనిది, తీసినను తరుగనిది యను లక్షణమును ఆనాడే గుర్తించుట విశేషము.

ఇటలీ దేశీయుడగు గెలీలియో 1638లో ప్రకటితమైన గ్రంథమున ఒక వింతను చూపెను. 1, 4, 9, 16 మొదలగునవి వర్గసంఖ్యలు. 1కి 1, 2కు 4, 3కు 9 అని ప్రతి సంఖ్యకును దాని వర్గమును జతపరచినచో ఏదియు మిగులదు. కాని వర్గములు సంఖ్యలలో కొన్ని మాత్రమే. భాగము పూర్ణమునకు సమానమైనది! కావున అనంతముల విషయమున హెచ్చు, తగ్గు, సమానము అను మాటలు చెల్లవని ఆయన తలంచెను.

జర్మనీలో పనిచేసిన జార్జి కాంటరు (1845–1918) అచ్చట నిలిచిపోలేదు. జతకూర్పునే ప్రమాణముగా గైకొని, అనంతములన్నియు సమానము కావని 1874లో నిరూపించెను. 1891లో ఆయన చూపిన ఉపపత్తి మిక్కిలి సులభము. 0కును 1కిని నడుమనున్న దశాంశ సంఖ్యలన్నియు ఒకటవది, రెండవది, మూడవది యని వరుసగా వ్రాయబడినవని యనుకొనుడు. మొదటిదానిలో మొదటి అంకెను, రెండవదానిలో రెండవ అంకెను, ఇట్లే వరుసగా చూడవలెను. ఆ అంకె 5 అయినచో 6ను, కానిచో 5ను వ్రాయవలెను. ఇట్లేర్పడిన క్రొత్త సంఖ్య మొదటిదానితో మొదటి అంకెలోను, రెండవదానితో రెండవ అంకెలోను భేదించును. కావున అది పట్టికలో ఎచ్చటను లేదు. అందరును కూర్చుండిరనుకొన్న పంక్తిలో విస్తరి దొరకని అతిథి యొకడు మిగిలెను! దానిని చేర్చి పట్టికను మరల వ్రాసినను వేరొకటి మిగులును. ఏ అనంతమునకైనను దానిని మించిన అనంతము కలదనియు కాంటరు నిరూపించెను.

ఈ సత్యమునకు వెంటనే ఆదరము లభింపలేదు. బెర్లిను నగరమున ప్రసిద్ధుడగు క్రోనెకరు దీనిని తీవ్రముగా వ్యతిరేకించెను. మనోవ్యాధి పలుమారులు కాంటరును బాధించెను. 1918లో హాలె నగరపు చికిత్సాలయమున ఆయన కన్నుమూసెను. నేడు ఆయన సిద్ధాంతము గణిత విద్యార్థులకు ప్రాథమిక పాఠము.

గణితమునందలి సౌందర్యమిదియే. దీనికి యంత్రము వలదు, ధనము వలదు. పరిమితమైన బుద్ధి నాలుగు వాక్యముల తర్కముతో అపరిమితమును గూర్చి నిశ్చయముగా పలుకగలుగుచున్నది. ఆ పలుకే ‘ఇంకను మిగిలియున్నది’ యని వినయమును నేర్పుచున్నది. ‘అన్నింటికంటె పెద్ద సంఖ్య ఏది?’ అని ఇంటిలో బిడ్డ యడిగినప్పుడు కసరక, ‘నీవొకటి చెప్పుము, దానికి ఒకటి కలుపుదము’ అని కూర్చుండబెట్టుకొనుట మేలు. అనంతమునకు తొలి మెట్టు అదియే.