పాత ల్యాప్‌టాప్‌లో స్మృతిదోషము: దానిని కనుగొను విధము

విద్యార్థులారా! మన షోలాపురపు పేటలలో మగ్గపు చప్పుడు వినని వారుండరు. చద్దరులో పువ్వు పడవలసిన తావున మాటిమాటికి ఒకే పోగు తప్పుచున్నచో, అనుభవముగల నేతగాడు మగ్గమంతయు విప్పడు. మొదట జాకార్డు అట్టను చూచును. పిదప సూదిని, కొక్కెమును, తుదకు పోగును పరీక్షించును. కూలిడబ్బు కూడబెట్టి కొన్న పాత ల్యాప్‌టాప్ చెడినప్పుడును ఈ క్రమమునే పాటింపవలెను. అట్లు చేయనిచో, ఒక చిన్న ముక్కతో తీరు దోషమునకు యంత్రమునే పారవేయవలసి వచ్చును.

స్మృతి యనగా నేమి?

1804లో ఫ్రాన్సు దేశీయుడగు జోసెఫ్ మేరీ జాకార్డు తన మగ్గమునకు రంధ్రముల అట్టలను అమర్చెను. రంధ్రమున్నచోట పోగు లేచును, లేనిచోట లేవదు. కంప్యూటరునకును ఇట్టివే రెండు గుర్తులు: 1, 0. ఇందు డిస్కు అట్టలపేరు వంటిది. యంత్రమాగినను అందలి వ్రాత నిలుచును. ర్యాము అను స్మృతి ఆ క్షణమున లేచియున్న పోగుల వంటిది; విద్యుత్తు ఆగినంతనే చెదరిపోవును.

ఇట్టి స్మృతిని 1966లో రాబర్ట్ డెన్నార్డ్ కనిపెట్టెను. ఇందు ఒక్కొక్క గుర్తును ఒక్కొక్క సూక్ష్మమైన గడి విద్యుదావేశరూపమున దాచును. ఆ యావేశము కారిపోవుచుండును గనుక, సాధారణముగా 64 మిల్లీసెకన్లకొకసారి దానిని మరల నింపవలెను. 2 గిగాబైట్ల ముక్కలో ఇట్టి గడులు సుమారు 1,718 కోట్లు. వానిలో కొన్ని చెడినను పని తప్పును.

లక్షణములు

యంత్రము హఠాత్తుగా స్తంభించుట, నీలితెర వచ్చుట, తెర వెలుగక కూతలు మాత్రము వినవచ్చుట, బాగుగా దాచిన పత్రము చెడియుండుట ముఖ్యలక్షణములు. అయితే తొందరపడరాదు. మరమగ్గముల నూలుధూళి గాలిమార్గమున చేరినచో యంత్రము వేడెక్కి ఇట్లే ఆగును. కావున ముందుగా ఆ మార్గమును శుభ్రపరుపవలెను.

అనుమానము కలిగినది మొదలు ముఖ్యమైన పత్రములను ఆ యంత్రమున వ్రాయరాదు. చెడిన స్మృతిగుండా పోయిన లెక్క డిస్కుపైనను తప్పుగానే పడవచ్చును. పరీక్ష దరఖాస్తులు, చద్దరు నమూనాలు ఉన్నచో డిస్కును వేరొక యంత్రమునకు తగిలించి నకలు తీయించుట మేలు.

పరీక్షావిధానము

1. విండోస్‌లోని మెమరీ డయాగ్నస్టిక్ గాని, పెన్‌డ్రైవ్ నుండి నడుచు మెమ్‌టెస్ట్86 గాని నడుపవలెను. ఒక్క ఆవృత్తి చాలదు. రాత్రియంతయు నడుపుట మంచిది. ఒక్క తప్పు కనబడినను ఉపేక్షింపరాదు.

2. యంత్రమును పూర్తిగా ఆపి, ఛార్జరును, బ్యాటరీని తీయవలెను. పవర్ బొత్తామును కొన్ని సెకన్లు నొక్కియుంచవలెను. బ్యాటరీ లోపల బిగింపబడినదైనచో పెద్దలయొక్కగాని, మరమ్మతుదారునియొక్కగాని సాయము లేక ముట్టరాదు.

3. చేతిని ముందుగా ఏదైన లోహమునకు తాకించి, అడుగుమూత తెరచి, ప్రక్క కొక్కెములను వెలుపలికి జరుపవలెను. ముక్క వాలుగా పైకి లేచును. దాని అంచులనే పట్టవలెను. బంగారురంగు పలకలను తాకరాదు.

4. మరల వాలుగా దూర్చి, కొక్కెములు టక్కుమనువరకు నొక్కవలెను. పట్టు సడలుటయే కారణమైనచో దోషము ఇంతటితోనే తీరును.

నిర్ణయము

తీరనిచో రెండు ముక్కలకు క, ఖ అని పేరు పెట్టి, ఒక్కొక్కదానిని ఒక్కొక్క గాడిలో విడివిడిగా పరీక్షింపవలెను. ఖ రెండు గాళ్లలోను తప్పి, క రెండింటను నెగ్గినచో ఖ చెడినది. రెండు ముక్కలును మొదటిగాడిలో నెగ్గి రెండవదానిలో తప్పినచో దోషము గాడిదిగాని, బోర్డుదిగాని యగును. క్రొత్త ముక్క కొనుట వృథా. విడివిడిగా నెగ్గి, జతగా తప్పినచో ఆ రెంటికి పొత్తు కుదరలేదని అనుమానింపవలెను.

క్రొత్త ముక్క కొనునపుడు జాతి చూడవలెను. ల్యాప్‌టాప్ ముక్కలలో డిడిఆర్2కు 200, డిడిఆర్3కు 204, డిడిఆర్4కు 260 పలకలు గలవు. ఒకదానికి బదులు వేరొకటి పనికిరాదు. పాతముక్కను వెంట తీసికొనిపోవుట ఉత్తమము.

కారణమును వెదకక వస్తువును మార్చుట వ్యయము. వెదకి మార్చుట విద్య. ఇది మగ్గమున మన పెద్దలెరిగినదే.

ప్రశ్నలు

1. డిస్కునకును స్మృతికిని గల భేదమును మగ్గపు ఉపమానముతో వివరింపుము.
2. క, ఖ రెండును రెండవగాడిలో మాత్రమే తప్పినచో ఏమి నిర్ణయింతువు? ఏల?