కంచికి పోదాం, చదివి కొందాం

“కథ కంచికి, మనం ఇంటికి” అంటాం. ఆ కంచి ఎక్కడుంది? తమిళనాడులో ఉంది. దాన్నే కాంచీపురం అంటారు. చెన్నైకి సుమారు 75 కిలోమీటర్లు. తిరుపతి నుంచి కూడా బస్సులు ఉన్నాయి.

కంచి గుళ్ల ఊరు. అక్కడ కామాక్షి అమ్మవారు ఉంది. ఏకామ్రేశ్వరుడి గుళ్లో లింగం మట్టిది. ఆ గుడి పెద్ద గోపురాన్ని 1509లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించాడు. వరదరాజస్వామి గుళ్లో బంగారు బల్లినీ, వెండి బల్లినీ తాకి దణ్ణం పెట్టుకుంటారు.

కంచి పట్టుచీరల ఊరు కూడా. అక్కడి నేతపనివాళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లూ ఉన్నారు. చీర నడుమ ఒక రంగు, రెండు అంచులూ ఇంకో రంగు కావాలంటే మగ్గం మీద మూడు నాడెలు తిరగాలి. పక్కన ఇంకో మనిషి సాయం కూర్చోవాలి. ఇంట్లో ఆడవాళ్లు కండెలు చుట్టాలి. ఒక్క చీరకు చాలా రోజులు పడుతుంది. అందుకే అంత ధర.

అక్కలూ, ఇక్కడే జాగ్రత్త! మరమగ్గం చీరనూ, పాలిస్టర్ కలిసిన చీరనూ “కంచిపట్టే” అని అమ్మేవాళ్లున్నారు. అది నమ్మితే పిల్ల పెళ్లికని కూడబెట్టిన డబ్బు పోతుంది. మగ్గాన్ని నమ్ముకున్న ఇంటి కూలీ కూడా పోతుంది.

మరి ఏం చెయ్యాలి? చీరకు కట్టిన చీటీ చూడాలి. “సిల్క్ మార్క్” ఉంటే దారం అసలు పట్టు అని అర్థం. చేత్తో నేసిందని కాదు. “హ్యాండ్లూమ్ మార్క్” ఉంటే చేనేత అని అర్థం. రెండూ అడగండి. జరీ సంగతి కూడా అడగండి. మంచి జరీలో పట్టుదారం మీద వెండి తీగ చుట్టి, బంగారు పూత వేస్తారు. రాగి జరీ చవక. ఏ జరీయో బిల్లు మీద రాయించుకోండి.

ఇంకో పరీక్ష ఉంది. అడిగి, కొంగు చివరి దారం ఒకటి తీసి కాల్చండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. బూడిద వేళ్ల మధ్య నలుగుతుంది. పాలిస్టర్ అయితే కరిగి, గట్టి ఉండ కడుతుంది.

ధర్మవరం చీర కొన్నా ఇదే పద్ధతి. నేర్చుకున్న అక్షరం గుడి పేరు చదవడానికే కాదు, బిల్లు చదవడానికి కూడా.

చెప్పండి:
1. సిల్క్ మార్క్ ఏం చెబుతుంది? ఏం చెప్పదు?
2. కంచి చీర ధర ఎందుకు ఎక్కువ?

చెయ్యండి: ఇంట్లో ఉన్న ఒక బిల్లు తెచ్చి, తేదీ, ధర, మొత్తం గట్టిగా చదవండి.