పిల్లలకు యాంటీబయాటిక్ ఎన్ని రోజులు?

"జ్వరం తగ్గిపోయింది డాక్టర్ సాబ్, ఇంకా మందు పట్టాలా?" పిల్లల వైద్యులకు ఈ ప్రశ్న కొత్త కాదు. మూడో రోజుకే పిల్లవాడు లేచి ఆడుకుంటుంటే తల్లికి మందు అనవసరమనిపిస్తుంది. ఆపేస్తుంది. మిగిలిన సీసా అలమారాలో చేరి, నెల తిరిగాక చెల్లెలికి దగ్గు వచ్చినప్పుడు బయటికి వస్తుంది.

ఇన్నాళ్లూ ఈ ప్రశ్నకు వచ్చిన జవాబు ఒక్కటే: కోర్సు పూర్తి చేయకపోతే క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి. ఇందులో సగమే నిజం. అవసరానికి మించి ఎక్కువ రోజులు వాడినా క్రిములు మొండికేస్తాయి. ఎందుకంటే యాంటీబయాటిక్ రోగం తెచ్చిన క్రిమితో ఆగదు. గొంతులో, పేగుల్లో, చర్మం మీద మామూలుగా ఉండే సూక్ష్మజీవుల మీద కూడా పనిచేస్తుంది. రోజులు పెరిగేకొద్దీ వాటిలో బలహీనమైనవి పోయి మొండివి మిగులుతాయి.

మరి ఏడు రోజులు, పది రోజులు అనే లెక్కలు ఎక్కడివి? చాలావరకు అలవాటుగా వచ్చినవే. వాటిని పరీక్షకు పెట్టిన ఒక మంచి అధ్యయనం మన దేశంలోనే జరిగింది. తీవ్రం కాని న్యుమోనియాతో ఏడు ఆసుపత్రులకు వచ్చిన, 2 నుంచి 59 నెలల వయసున్న 2,188 మంది పిల్లలను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు అమాక్సిసిలిన్ 3 రోజులు, మరో జట్టుకు 5 రోజులు. మొదటి జట్టుకు చివరి రెండు రోజులూ మందులా కనిపించే ఉత్తి మాత్రలే ఇచ్చారు. నయమైనవారు మూడు రోజుల జట్టులో 89.5 శాతం, ఐదు రోజుల జట్టులో 89.9 శాతం. 2004లో ఈ ఫలితం వెలువడింది. అంతకు రెండేళ్ల ముందు పాకిస్తాన్‌లో సుమారు 2,000 మంది పిల్లల మీద జరిగిన అధ్యయనమూ ఇదే చెప్పింది. 2021లో బ్రిటన్, ఐర్లండ్ వైద్యులు 3 రోజులను 7 రోజులతో పోల్చారు. నాలుగు వారాల్లోపు మళ్లీ యాంటీబయాటిక్ అవసరమైనవారు రెండు జట్లలోనూ 12.5 శాతమే. మూడు రోజుల జట్టులో దగ్గు మాత్రం రెండు రోజులు ఎక్కువ ఉంది.

ఇది చదివి "అయితే అన్నిటికీ మూడు రోజులు చాలు" అనుకుంటే పొరపాటే. అమెరికాలో రెండేళ్లలోపు పిల్లల చెవి ఇన్ఫెక్షన్‌కు 5 రోజులు, 10 రోజులు పోల్చి చూశారు. చికిత్స విఫలమైనవారు పది రోజుల జట్టులో 16 శాతం ఉంటే, ఐదు రోజుల జట్టులో 34 శాతం. స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి వల్ల వచ్చే గొంతు నొప్పి సంగతి మరీ ముఖ్యం. రెండు రోజుల్లోనే నొప్పి పోవచ్చు. కానీ క్రిమి మిగిలిపోతే కొందరు పిల్లల్లో రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు పాడవుతాయి. అందుకే నోటి మందు పది రోజులు వాడమంటారు. అంటే ఎన్ని రోజులన్నది జ్వరాన్ని బట్టి కాదు, జబ్బును బట్టి. చీటీ చేతికి తీసుకునేటప్పుడే అడగండి: ఇది ఏ జబ్బు, ఎన్ని రోజులు, మళ్లీ ఎప్పుడు చూపించాలి? జలుబుకూ, వైరస్ జ్వరానికీ అసలు ఒక్క రోజు కూడా అక్కర్లేదు.

ఇప్పుడు చేతి గడియారాలే గుండె వేగం, నిద్ర, కదలికలు లెక్కపెడుతున్నాయి. అమెరికాలో అపెండిక్స్ ఆపరేషన్ అయిన పిల్లలకు ఇలాంటివి కట్టి, ఆ వివరాలను కంప్యూటర్‌తో విశ్లేషించారు. ఇన్ఫెక్షన్ ముదురుతున్న సూచనలు వైద్యులు గుర్తించేలోపే వాటిలో కనిపించాయని 2025లో ప్రకటించారు. ఆశ కలిగించే మాటే. అయితే పిల్లవాడు ఏడ్చినా గుండె వేగం పెరుగుతుంది, ఆడినా పెరుగుతుంది. పసివాడి సన్నని మణికట్టుకు గడియారం సరిగా ఆనదు కూడా. గొంతులో క్రిమి పోయిందో లేదో అది చెప్పలేదు. దాన్ని చూసి మందు ఆపకండి.

దానికన్నా పనికొచ్చే కొలత ఇంట్లోనే ఉంది. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ప్రశాంతంగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, నిండుగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. 2 నెలలలోపు 60, ఏడాదిలోపు 50, ఆ పైన ఐదేళ్లలోపు 40, లేదా అంతకు మించితే ఆ రోజే వైద్యునికి చూపించాలి. డొక్కలు లోపలికి లాగుతున్నా, పాలూ నీళ్లూ తాగలేకపోయినా, తాగిందంతా కక్కేస్తున్నా, మగతగా ఉన్నా, మూర్ఛ వచ్చినా లెక్కపెడుతూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

గోడకు ఒక కాగితం అంటించి తేదీ, వేళ, జ్వరం, ఊపిరి లెక్క, మందు వేసిన సమయం రాయండి. మళ్లీ చూపించేటప్పుడు ఆ కాగితం తీసుకెళ్తే, "మధ్యలో ఒకసారి తగ్గిందండీ" అనే మాటకన్నా వైద్యునికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

మందును వంటింటి చెంచాతో కొలవొద్దు, సీసాతో ఇచ్చిన కొలత గిన్నెతోనే పట్టండి. పొడి సిరప్‌లో నీళ్లు కలిపాక అది సీసా మీద రాసిన రోజులే నిలుస్తుంది. చెల్లెలి బరువు వేరు, జబ్బు వేరు. అన్నకు ఇచ్చిన సీసా ఆమెకు మందు కాదు.