మంచములలో నల్లులు: గుర్తించుట, తొలగించుట

రోడ్లు, మంచినీరు, వీధిదీపములు ఉండగా పంచాయతీ సభ్యులతో నల్లులను గూర్చి ప్రసంగించుటయా యని కొందరు నవ్వవచ్చును. నల్లి బాధపై మన చాటుకవులును చమత్కారములు చెప్పినవారే. కాని పగలెల్ల పొలములో శ్రమించిన కూలి రాత్రి కునుకులేక గోకుకొనుచు కూర్చుండుటయు, వసతిగృహములోని బాలుడు తరగతిలో తూగుటయు నవ్వదగిన విషయములు కావు. అంతకంటె ఘోరమైనది మరియొకటి కలదు. నల్లులను చంపబోయి మనుష్యులే మరణించిన సంగతులు కలవు. దానిని ముందు చెప్పెదము.

ఎదిగిన నల్లి అయిదారు మిల్లీమీటర్ల పొడవుండి, చదునుగా, ఎఱుపు కలిసిన గోధుమవన్నెతో నుండును. రెక్కలు లేవు, ఎగురలేదు, దుముకలేదు. పేనువలె ఒంటిమీద కాపురముండదు. రాత్రి వచ్చి అయిదు, పది నిమిషములు నెత్తురు త్రాగి మరల సందులోనికి పోవును. దద్దులను మాత్రమే చూచి నల్లియని నిశ్చయింపరాదు. దోమ కుట్టినను అట్లే యుండును. కొందరి మేన మచ్చయే పడదు. కావున మంచమునే పరీక్షింపవలెను. నులక ముడులు, కోళ్ళకు పట్టెలు దిగిన బెజ్జములు, పరుపు కుట్లు, గోడ పగుళ్ళు, పటముల వెనుక భాగము చూడుడు. నల్లని చుక్కలు కనిపించిన తడిగుడ్డతో తుడువుడు. సిరావలె అలుకుకొనినచో అది నల్లి రెట్టయే. విడిచిన పొరలు, మిల్లీమీటరు పొడవు గల తెల్లని గ్రుడ్లు, ఒక విధమగు ముక్కవాసన తక్కిన గుర్తులు.

నల్లివలన మనుష్యులకు రోగము సంక్రమించునని నిరూపింపబడలేదు. నిద్రలేమి, గోకుటచే పుండ్లు, మిక్కిలి ముదిరినచోట పసిపిల్లలకు రక్తహీనత కలుగును.

ఇక మందుల మాట. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ పథకము మొదలై గోడలపై డి.డి.టి. చల్లినప్పుడు తొలుత నల్లులును చచ్చెను. తరువాత అవి ఆ మందునకు లొంగకపోయెను. హవాయిలోని పెరల్ హార్బరులో ఈ లొంగనితనము 1947లోనే కనబడినది. మందు పనిచేయకున్న కొలది జనులు మరింత తీవ్రమైన విషమునకై వెదకుదురు. పత్తిచేనికి తెచ్చిన పురుగుమందును పరుపుపై చల్లుట ప్రమాదకరము. ధాన్యపు కొట్లలో పెట్టు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలను ఇంటిలో పెట్టుట ప్రాణాంతకము. గాలిలోని తేమ తగిలిన ఆ బిళ్ళనుండి ఫాస్ఫీన్ అను విషవాయువు వెలువడి, తలుపు మూసినను సందులగుండ ప్రక్కగదిలోనికి ప్రాకును. దానికి విరుగుడు లేదు. ఎవరైన పెట్టినట్లు తెలిసిన తక్షణమే అందరును ఆరుబయటికి వచ్చి, వాంతులు, ఆయాసము కలవారిని ఆసుపత్రికి చేర్చవలెను. కిరసనాయిలు పూయుటయు నిప్పుతో చెలగాటమే.

వేడిమికి మించిన మందు లేదు. మంచమును ఆరుబయట నుంచి, పిల్లలను దూరముగా నిలిపి, మరగుచున్న నీటిని ముడులలోను బెజ్జములలోను నిదానముగా పోయవలెను. గ్రుడ్లును చచ్చును. మంచమును ఎండలో వేసి దులిపినంతమాత్రమున చాలదు. రాలిన నల్లులు నీడకు ప్రాకి మరల ఇల్లు చేరును. దుప్పట్లను ఉడికించి ఆరవేయుడు. గోడపగుళ్ళను పూడ్చి, మంచమును గోడకు తగులకుండ వేయుడు. కోళ్ళక్రింద నీటి మూకుళ్ళుంచు పాత అలవాటు మంచిదే. కాని ఆ నీటిని రెండు మూడు దినముల కొకసారి పారబోయకున్న నల్లి పోయి డెంగీ దోమ వచ్చును.

మిగిలిన గ్రుడ్లు ఆరు మొదలు పది దినములలో పొదుగును గనుక, వారమున కొకసారి చొప్పున మూడు పర్యాయములైనను ఈ పని చేయవలెను. ఒకసారి చేసి మానుటచేతనే పెక్కుచోట్ల శ్రమ వ్యర్థమగుచున్నది.

ఒక యిల్లు శుభ్రపడి పొరుగిల్లు పడకున్నను ఫలితము స్వల్పమే. ఇచట సభ్యుల నేర్పు కావలెను. నల్లి పేదవాని పురుగు కాదు. బస్సుసీటు, పెండ్లి పరుపులు, చుట్టముల పెట్టె ఏవైనను దానికి వాహనములే. ఐనను పరువునకు వెఱచి ఇల్లాండ్రు దాచుదురు. ఇంటింటికి పోయి తనిఖీ చేసిన తలుపులు మూతపడును. వీధి అంతటికి ఒకే దినము నిర్ణయించి, నీళ్ళు కాచుటకు పెద్ద గుండిగలను, వంటచెరకును పంచాయతీ సమకూర్చిన, ఎవరి యింట నల్లులున్నవో ఎవరును అడుగ నక్కరలేదు. మొదట పంచాయతీ కార్యాలయపు కుర్చీలను, సత్రపు మంచములను, వసతిగృహపు పరుపులను బయట వేయింపుడు. మూడవ విడత ముగిసిన పది దినములకు నడిరేయి దీపముతో మరల ఒకసారి చూడవలెను.