పాత కంప్యూటరు అమ్మేముందు సంఘాలు చేయవలసిన పని

పాల సేకరణ కేంద్రంలో తూకం, వెన్న శాతం, చెల్లింపు లెక్క అన్నీ కంప్యూటరు ద్వారా జరుగుతున్న సంఘాలు నేడు అనేకం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ కంపెనీ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దానితో పాత యంత్రాన్ని తీసివేసి కొత్తది కొనాలనే ప్రతిపాదనలు పాలకవర్గ సమావేశాలకు వస్తున్నాయి. పాతదానిని ఎంతకు అమ్మాలన్న విషయంపై చర్చ బాగానే జరుగుతుంది. అందులో ఉన్న సమాచారం ఏమి కావాలన్న విషయం మాత్రం మినిట్సు పుస్తకంలో కానరాదు. అందుకే ఈ పాఠం.

పెట్టెలో ఏమున్నది?

సభ్యుని పేరు, సభ్యత్వ సంఖ్య, ఫోను నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, కొన్నిచోట్ల ఆధార్ నకలు. ఏ పూట ఎన్ని లీటర్లు పోశారు, వెన్న ఎంత వచ్చింది, దాణా బాకీ ఎంత, పశువుల అప్పు వాయిదా ఎంత, బోనసు ఎంత. ఇవన్నీ హార్డు డిస్కు అనే భాగంలో ఉంటాయి. ఒక ఇంటి రాబడి, అప్పు ఇందులో తెలిసిపోతాయి. ఇది సభ్యులు సంఘాన్ని నమ్మి ఇచ్చిన సమాచారం. పాత ఇనుము ధరకు పోయే యంత్రంతో పాటు ఇదీ పోరాదు.

చెరిపితే చెరిగినట్లు కాదు

ఫైలును డిలీట్ చేస్తే అది రిసైకిల్ బిన్‌లోకి పోతుంది. ఆ బిన్ ఖాళీ చేసినా, మామూలు డిస్కులో చెరిగేది ఆ ఫైలు ఎక్కడ ఉన్నదో తెలిపే గుర్తు మాత్రమే. లెడ్జరులో విషయసూచిక పుట చింపివేస్తే లోపలి పద్దులు ఎక్కడికీ పోవు గదా! క్విక్ ఫార్మాట్ చేసినా ఇంతే. ఫైళ్ళను తిరిగి తీసే ప్రోగ్రాములు బజారులో దొరుకుతాయి. పాలు వంపినంత మాత్రాన క్యాను శుభ్రమైనట్లు కాదని పాడి రైతుకు వేరే చెప్పనక్కరలేదు.

ఇది ఊహ కాదు. అమెరికాలో గార్ఫింకెల్, షెలత్ అనే ఇద్దరు పరిశోధకులు 158 పాత డిస్కులు కొని పరీక్షించి, ఫలితాలను 2003లో ప్రకటించారు. పనిచేసిన 129 డిస్కులలో సరిగా చెరిపినవి 12 మాత్రమే. వాటిలో ఒకటి బ్యాంకు నగదు యంత్రం నుండి వచ్చినది. అందులో ఖాతా నంబర్లు అలాగే ఉన్నాయి.

ముందు నకలు, తరువాతే చెరపడం

ఈ వరుస తప్పితే నష్టం సభ్యులదే. బోనసు లెక్కలోగాని, దాణా బాకీలోగాని తగాదా వచ్చినపుడు చూపడానికి ఆధారం ఉండదు. కావున:

1. సేకరణ ప్రోగ్రాములోని బ్యాకప్ ద్వారా నకలు తీసి, రెండు వేర్వేరు పరికరాలలో ఉంచవలెను. ఒకటి సంఘ కార్యాలయంలో, రెండవది మరొక భద్రమైన చోట.

2. ఆ నకలును కొత్త కంప్యూటరులో తెరచి చూడవలెను. నలుగురైదుగురు సభ్యుల పద్దులను వారి పాసు పుస్తకాలతో సరిపోల్చవలెను. తెరుచుకోని నకలు ఉన్నా లేనట్టే.

3. సభ్యులవారీ నిల్వల పట్టికను కాగితంపై ముద్రించి, కార్యదర్శి, అధ్యక్షులు సంతకం చేయవలెను. ప్రోగ్రాము మారినా కాగితం చదువుకోవచ్చు.

4. ఆడిట్ పూర్తికాని సంవత్సరాల లెక్కలు విడిగా సరిచూడవలెను.

5. పాలకవర్గం తీర్మానం చేసిన తరువాతే చెరపవలెను.

చెరిపే విధానం

విండోస్ 10, 11 యంత్రాలలో సెట్టింగ్స్‌లోని రికవరీకి వెళ్ళి, రీసెట్ దిస్ పీసీ, ఆపైన రిమూవ్ ఎవ్రీథింగ్ ఎంచుకోవాలి. ఇక్కడ రెండు విషయాలు మరువరాదు. మొదటిది, చేంజ్ సెట్టింగ్స్‌లో క్లీన్ డేటా అనేదానిని ఆన్ చేయాలి. లేకుంటే పైపైనే చెరుగుతుంది. రెండవది, అన్ని డ్రైవులలోని ఫైళ్ళూ తీసివేయమని ఎంచుకోవాలి. సంఘం లెక్కలు డి డ్రైవులో ఉండి, సి డ్రైవు మాత్రమే చెరిపితే ప్రయోజనమేమి?

అంతకంటె పాత యంత్రమైతే డిస్కును విప్పి, మరొక కంప్యూటరుకు తగిలించి, క్విక్ ఫార్మాట్ గుర్తు తీసివేసి పూర్తి ఫార్మాట్ చేయించాలి. 2007లో వచ్చిన విండోస్ విస్టా మొదలుకొని పూర్తి ఫార్మాట్ డిస్కు అంతటా సున్నాలు రాస్తుంది. ఎక్స్‌పీలో చేసిన ఫార్మాట్‌కు ఆ గుణం లేదు. ఎస్‌ఎస్‌డీ రకం డిస్కుకు మాత్రం తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ ప్రోగ్రాము వాడడం మేలు.

ఈ పనికి గంటల కొద్దీ సమయం పడుతుంది. ఉదయం సేకరణ ముగిశాక, యూపీఎస్ పెట్టుకొని మొదలుపెట్టండి. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటినుండి చేయాలి.

యంత్రం అసలు నడవకపోతే సమాచారం పోయిందనుకోవద్దు. డిస్కు మరో యంత్రంలో పనిచేయవచ్చు. అటువంటపుడు డిస్కును తీసివేసుకొని, మిగతాది అమ్మడమే క్షేమం. తీసిన మామూలు హార్డు డిస్కుకు లోపలి పళ్ళెములు పూర్తిగా తూట్లు పడేలా డ్రిల్లు వేయించండి. ముక్కలను కాల్చరాదు, నమోదైన ఈ-వ్యర్థాల సంస్థకు ఇవ్వాలి.

సభ్యులు అడగవలసిన ప్రశ్నలు

కార్యదర్శి ఒక్కరిపై భారం వేసి ఊరుకోవడం సహకార పద్ధతి కాదు. సమాచారం మీది, సంఘం మీది. సర్వసభ్య సమావేశంలో ఈ మూడు అడగండి: నకలు తీసి సరిచూశారా? డిస్కు ఎవరు, ఏ తేదీన, ఏ పద్ధతిలో చెరిపారు? ఆ వివరం డెడ్‌స్టాక్ రిజిస్టరులో, అమ్మకం రసీదు పక్కన రాశారా?

మూడింటికీ సమాధానం పుస్తకంలో కనిపిస్తే, అప్పుడు ఆ యంత్రాన్ని నిశ్చింతగా అమ్మవచ్చు.